చేతి ఖరీదు

శ్రీరాములుకు మనిషిని చూడగానే తూకం వేసే అలవాటు ఉంది. మాట ఎంత, అందులో తాలు ఎంత, నికరం ఎంత అని లోపల లెక్క నడుస్తూనే ఉంటుంది. మార్కాపురం గడియారస్తంభం వెనక వీధిలో ముప్పై ఐదేళ్లుగా దాణా దుకాణం నడిపే మనిషికి ఆ అలవాటు రాకుండా ఎట్లా ఉంటుంది? తవుడు, వేరుశనగ చెక్క, మొక్కజొన్న నూక, అన్నీ కాటా మీద పెట్టి అమ్మేవే. కాటా ముందు ఆసామి బస్తా, కూలివాడి బస్తా ఒకటే. యాభై కిలోలంటే యాభై కిలోలే. లోకం కూడా అట్లాగే నడుస్తుందని అతని నమ్మకం.

ఆ నమ్మకం వల్లే వర్తక సంఘంలో నాగవేణితో పేచీ వచ్చింది.

సంఘానికి ఒక ధర్మనిధి ఉంది. ఊళ్లో దిగే ప్రతి లోడు బిల్లులోనూ 'ధర్మం' అని ఒక రూపాయి పడుతుంది. తాతల నాడు ఆ రూపాయితో బాటసారుల సత్రం నడిచేది. ఇప్పుడు బాటసారులు లాడ్జీల్లో దిగుతున్నారు, సత్రం గదుల్లో పావురాలు దిగుతున్నాయి, రూపాయలు మాత్రం పేరుకుంటున్నాయి. ఆ డబ్బుతో పల్లెల్లో పేదవాళ్లకు పొట్టేలు పిల్లలు కొనిద్దామని, నాలుగు నెలలు మేపి అమ్ముకున్నాక అసలు తిరిగి కడితే మళ్లీ ఇద్దామని తీర్మానించారు. ఆలోచన శ్రీరాములుదే. వాళ్లు దాణా తన దుకాణంలోనే కొంటారన్న సంగతి అతను దాచలేదు. ధర్మం చేసేవాడు దివాలా తీయాలని ఎక్కడా రాసి లేదని అతని వాదన.

పేచీ జాబితా దగ్గర మొదలైంది. నాగవేణికి అదే వీధిలో పుస్తకాల దుకాణం ఉంది. మొగుడు పోయాక ఆమే నడుపుతోంది. సంఘంలో ఉన్న ఒకే ఒక ఆడమనిషి. నోరు తెరిస్తే ముందు 'బాబాయ్' అంటుంది, ఆ తర్వాత కత్తి దూస్తుంది.

"బాబాయ్, ముందు ఎస్సీ పాలేలకు ఇద్దాం. తర్వాత మిగతా వాళ్లు" అంది ఆమె.

"పేదోడికి పేదరికమే కులం తల్లీ. బియ్యం కార్డు చూస్తాం, ఇల్లు చూస్తాం, ఇస్తాం. మధ్యలో కులం గడి ఎందుకు?"

"మనం చూడకపోతే పోయిందా? ఊరు ముందు ఆ గడి చూసినాకనే మనిషి మొహం చూస్తది."

"నేను సైకిల్ కి ఉప్పు మూట కట్టుకొని ఎర్రగొండపాలెం దాకా తొక్కినా. నాకెవరు చూసినారు గడి?"

సంఘం కోశాధికారి హరికృష్ణ గోడ గడియారం వైపు చూశాడు. "ఏదో ఒకటి తేల్చండి నాయనా. వడలు చల్లారిపోతాండయి."

శ్రీరాములు తేల్చాడు. వ్యాపారి పద్ధతిలో తేల్చాడు. పుల్లలచెరువు అవతల, అడవి అంచున ఉన్న చింతలగుంటలో ఇద్దరు కూలీలు. అంకన్న పెద్ద కులంలో పుట్టాడు గానీ సెంటు నేల లేదు. జ్ఞానయ్యది ఎస్సీ పాలెం, అతనికీ లేదు. ఇద్దరి ఇళ్లూ రేకులే, ఇద్దరివీ బియ్యం కార్డులే. ఇద్దరికీ ఒకే మందలోంచి, ఒకే రోజు, ఒకే ధరకు పదేసి పిల్లలు. ఇద్దరికీ ఒకే దాణా.

"నాలుగు నెలల తర్వాత చూద్దాం. ఇద్దరూ ఒకటిగా లేస్తే నా మాట నిజం. తేడా వస్తే నీ మాట. సరేనా?"

"సరే" అంది నాగవేణి. "తేడా వస్తే నువ్వు దేన్ని తప్పు పడతావో కూడా చూస్తా."

ఆ రెండో మాటను శ్రీరాములు తూకం వేయలేదు.

*

నాలుగు నెలలకు తేడా వచ్చింది. బేస్తవారిపేట రోడ్డులో రాళ్లవాగు దగ్గర శుక్రవారం జరిగే గొర్రెల సంతలో ఇద్దరూ అమ్మారు. బయట అనొద్దంటూ అంకన్న సంఘానికి చెప్పిన లెక్కన అతని పొట్టేలు ఒక్కొక్కటి పదకొండు వేలకు పోయింది. జ్ఞానయ్యది ఎనిమిదివేల ఆరువందలకు.

శ్రీరాములుకు కోపం వచ్చింది. ఓడినందుకు కాదు, లెక్క కుదరనందుకు. అవే పిల్లలు, అవే బస్తాలు, అదే సంత. పెట్టుబడి ఒకటై రాబడి వేరైతే మధ్యలో దొంగ ఉన్నాడని ముప్పై ఐదేళ్ల అనుభవం చెప్పింది. అసలు కట్టడానికి దుకాణానికి వచ్చిన జ్ఞానయ్యను బస్తాల మధ్యే నిలబెట్టి అడిగాడు.

"నిజం చెప్పు గేనయ్యా. చెక్క బస్తాలు అమ్ముకున్నావా?"

జ్ఞానయ్య పొడుగాటి మనిషి, మాట తక్కువ. చేతిలో నోట్ల కట్టను గల్లాపెట్టె మీద పెట్టి, "లెక్కపెట్టుకో సెట్టీ" అన్నాడు. అంతే. పక్కనున్న అతని భార్య ప్రసన్న మాత్రం శ్రీరాములు కళ్లలోకి సూటిగా చూసి, "చెక్క మేం తిన్నాంలే. బలే రుచిగా ఉంది" అంది. కొట్లో హమాలీలు కిసుక్కుమన్నారు.

సంఘంలో హరికృష్ణ గట్టిగా పట్టుబట్టాడు. లాభం చేయలేని వాడికి మళ్లీ ఇవ్వడం దండగ అన్నాడు. చివరికి ఒక్క అవకాశం మిగిలింది. రెండో విడత ఇస్తారు. ఈసారి కూడా జ్ఞానయ్య అంకన్నతో సమానంగా అమ్మలేకపోతే అతని పేరు కొట్టేస్తారు. అతనితోపాటు జాబితాలో ఎదురుచూస్తున్న అతని పాలెంలోని ఏడు ఇళ్ల పేర్లూ పోతాయి.

"ఒకడు తప్పు మేపితే ఏడిళ్లకు శిక్షా?" అంది నాగవేణి.

"ఒకడి మీద చూసేగా మిగతా వాళ్లకు ఇచ్చేది" అన్నాడు హరికృష్ణ.

శ్రీరాములు లోపల చిన్న ముల్లు గుచ్చుకుంటోంది. చెక్క అమ్ముకున్నవాడు నోట్లను అంత శుభ్రంగా మడత పెట్టి తీసుకురాడు.

*

రెండో విడత అమ్మకానికి వారం ముందు శ్రీరాములు వేలాడే కాటా ఒకటి సంచిలో వేసుకుని చింతలగుంట పోయాడు. అతను జీవాల వ్యాపారం ఎన్నడూ చేయలేదు. ఇంట్లో గుడ్డు కూడా ముట్టరు. గొర్రెల సంతలో కాలు పెట్టిందే లేదు. కానీ బరువు బరువే కదా.

ముందు అంకన్న పొట్టేళ్లను తూచాడు. పది కలిపి మూడువందల పద్దెనిమిది కిలోలు. తర్వాత పాలెంలోకి నడిచాడు. జ్ఞానయ్య ఒక్కో పొట్టేలుకు తాడు వేసి ఎత్తి పట్టుకుంటే శ్రీరాములు కాటా ముల్లు చూశాడు.

"జీవాలనే తూస్తావా సెట్టీ, మమ్మల్ని గూడా తూస్తావా?" అంది ప్రసన్న, పాక గుంజకు ఆనుకుని.

పది కలిపి మూడువందల ముప్పై నాలుగు. అంకన్నవాటి కంటే పదహారు కిలోలు ఎక్కువ.

శ్రీరాములు మళ్లీ తూచాడు. ముల్లు మాట మార్చలేదు.

"శుక్రవారం నేనూ సంతకు వస్తా" అన్నాడు.

వచ్చాడు. ముక్కుకు కండువా అడ్డం పెట్టుకుని, పేడలో చెప్పులు జారకుండా చూసుకుంటూ, రెండు వేల జీవాల అరుపుల మధ్య నిలబడ్డాడు. అతని కళ్లు మొదట వెతికింది కాటా కోసం. సంత ఆ చివరి నుంచి ఈ చివరి దాకా కాటా అన్నది లేదు. చెక్క ముక్క కూడా తూచి అమ్మే మనిషికి, ముప్పై కిలోల జీవాన్ని తూకం లేకుండా అమ్ముతారని ఇన్నేళ్లలో తోచనే లేదు. తన కొట్లో జరిగేదే అన్నిచోట్లా జరుగుతుందనుకున్నాడు.

ఇక్కడ ధర తువ్వాలు కింద పుడుతుంది. దళారి వచ్చి పొట్టేలు నడుం నొక్కి చూస్తాడు. తన భుజం మీది తువ్వాలు తీసి అమ్మేవాడి చేతి మీద కప్పుతాడు. ఆ గుడ్డ కింద ఇద్దరి చేతులూ కలుస్తాయి. వేలు పట్టుకుంటే వెయ్యి, వేలి కణుపు నొక్కితే వంద. పైన ఇద్దరూ వానల గురించి మాట్లాడుకుంటుంటారు, కింద వేళ్లు బేరమాడుకుంటుంటాయి. ధర ఆ ఇద్దరికి తప్ప మూడోవాడికి తెలియదు. ఒక దళారితో కుదరకపోతే ఇంకొకడు చెయ్యి పట్టి ఇంకో ధర ఇస్తాడు.

సంతలో పెద్ద దళారి తిరుపాలు అంకన్న దగ్గరకు వచ్చాడు. "ఏం అల్లుడూ, మీ దిక్కు వాన పడిందా?" అంటూ చెయ్యి పట్టాడు. గుడ్డ కింద చేతులు కదిలాయి, ఆగాయి. మరో దళారి వచ్చాడు, అతనూ పట్టాడు. మూడో పట్టుకు అంకన్న తల ఊపాడు. నాలుగు పొట్టేళ్లు అమ్మి, మిగతా ఆరూ వచ్చే వారానికి ఉంచుకున్నాడు.

తిరుపాలు తర్వాత జ్ఞానయ్య దగ్గరకు వచ్చాడు. పొట్టేలు నడుం నొక్కాడు. పళ్లు చూశాడు. బాగుందన్నట్టు అతని కనుబొమ్మలు లేవడం శ్రీరాములు చూశాడు. ఆ తర్వాత తిరుపాలు తువ్వాలును భుజం మీదే వదిలేసి, చేతులు వెనక్కి కట్టుకుని, నలుగురికీ వినపడేట్టు అరిచాడు.

"తొమ్మిది వేలు! ఇస్తే ఇయ్యి, లేకుంటే తోలుకపో."

జ్ఞానయ్య చెయ్యి అప్పటికే కొంచెం ముందుకు వచ్చి ఉంది. అది మెల్లగా వెనక్కి పోయింది.

శ్రీరాములు చుట్టూ చూశాడు. మిగతా దళారులు మొహాలు తిప్పుకున్నారు. నోటితో గట్టిగా చెప్పిన ధర మీద ఇంకొకడు పైకి పోకూడదన్నది వాళ్ల కట్టుబాటు. అంటే చెయ్యి పట్టినవాడికి పదిమంది కొనేవాళ్లు, చెయ్యి పట్టనివాడికి ఒక్కడే.

"అమ్మొద్దు" అన్నాడు శ్రీరాములు. "ఈ వారం అమ్మొద్దు గేనయ్యా."

సంత బయట టీ బంకు దగ్గర కూర్చున్నారు. అంకన్న కూడా వచ్చాడు. "నీకెంతకు పోయినాయి?" అని శ్రీరాములు అడిగితే అతను అటూ ఇటూ చూసి, "చెప్పకూడదు సెట్టీ... పన్నెండు" అన్నాడు.

"గేనయ్యకు తొమ్మిది చెప్పినారు."

అంకన్న చేతిలో టీ గ్లాసు ఆగింది. "తొమ్మిదా? దానికా? నావాటికంటే బరువు గదా అవి!"

శ్రీరాములు జ్ఞానయ్య వైపు తిరిగాడు. "ఈ మాట నాకెందుకు చెప్పలేదు?"

జవాబు ప్రసన్న ఇచ్చింది. "నువ్వు అడిగితే గదా! మేత అడిగినావు, చెక్క అడిగినావు, దొంగతనం అడిగినావు. చెయ్యి ఎవరు పట్టుకుంటారని అడిగినావా?"

జ్ఞానయ్య మొదటిసారి నోరు విప్పాడు. "చెయ్యి పట్టరని నాకు పుట్టినప్పటి నుంచి తెలుసు సెట్టీ. దాని ఖరీదు ఎంతనేది తెలియదు. అంకన్నకు ఎంతిచ్చినారో గుడ్డ కిందే ఉండిపోయింది. ఇప్పుడు తెలిసింది. మూడు వేలు."

శ్రీరాములు టీ గ్లాసు పక్కన పెట్టి లెక్క వేశాడు. పొట్టేలుకు మూడు వేలు. పన్నెండు వేల సరుకు మీద నాలుగో వంతు. ఏ ప్రభుత్వమూ తన దాణా మీద ఇంత పన్ను వేయలేదు. రసీదు లేదు, నోటీసు లేదు, తాతల నుంచి కడుతూనే ఉన్నారు. సైకిల్ మీద ఉప్పు అమ్మిన రోజులు గుర్తుకొచ్చాయి. ఎంత పేదగా తిరిగినా గడప గడపలో ఆడవాళ్లు బయటికి వచ్చి, అతని అరచేతిలో చిల్లర పెట్టి, మంచినీళ్లు ఇచ్చి పంపేవాళ్లు. దూరం నుంచి ధర అరిచినవాళ్లు లేరు. తనకు లేనిది డబ్బు ఒక్కటే. అంకన్నకూ అంతే. జ్ఞానయ్యకు లేనివి రెండు. ఒకదాన్ని తీర్చి రెండూ తీర్చాననుకుని, తీరనందుకు దొంగ అన్నాడు.

"నాదొక మాట" అన్నాడు అంకన్న. "గేనయ్య పొట్టేళ్లు నావని చెప్పి అమ్మిపెడతా. పన్నెండు ఇప్పిస్తా. కమీషన్ గూడా వద్దు."

మంచి మనసుతో అన్న మాటే. కానీ జ్ఞానయ్య తల అడ్డంగా ఊపాడు. "ఈ తూరి నీ చేత్తో అమ్ముతావు. వచ్చే తూరి? పాలెంలో ఏడిళ్లున్నయి. అందరికీ నువ్వే చెయ్యి పెడతావా అంకన్నా?"

శ్రీరాములు లేచాడు. "చేతులు వద్దు" అన్నాడు. "చేతులు లేని బేరం నాకొకటి తెలుసు."

*

కాటా తేవడం తేలికే. దాన్ని నమ్మి కొనేవాడిని తేవడమే పని. శ్రీరాములు సోమవారం గిద్దలూరు బస్సెక్కి దస్తగిరిని వెతుక్కుంటూ పోయాడు. నంద్యాల, కర్నూలు మాంసం కొట్లకు వారానికి అరవై పొట్టేళ్లు తోలే టోకు వ్యాపారి దస్తగిరి. మాంసం తినని శెట్టి మాంసం బజారులో నిలబడి ఉంటే దస్తగిరికి నవ్వు ఆగలేదు.

"ఏంది సేటూ, తోవ తప్పినావా?"

"ఒక లెక్క చెప్పు భాయ్. దళారి ముప్పై కిలోలని ఇచ్చింది కోసినాక ఎన్నిసార్లు తక్కువ పడింది?"

దస్తగిరి నవ్వు ఆపాడు. "పదింటికి నాలుగు."

"నేను నీ కళ్ల ముందు తూచి ఇప్పిస్తా. కిలోకు ఎంత?"

దస్తగిరి వేళ్ల మీద లెక్క వేసుకున్నాడు. "నాలుగువందలు" అన్నాడు దస్తగిరి. "తువ్వాలు కింద నాకు వేళ్లు దొరుకుతాండయి సేటూ, మాంసం దొరకడం లే. వస్తా."

శుక్రవారం పొద్దున రాళ్లవాగు సంతలో ట్రాలీ ఆటో దిగింది. అందులో శ్రీరాములు కొట్లోని బస్తాల కాటా, దాని మీద బిగించడానికి వెల్డింగ్ షాపులో చేయించిన ఇనుప చువ్వల బోను. సంత పాడుకున్న గుత్తేదారుకు అందరిలాగే జాగా రుసుము కట్టి, రసీదు తీసుకుని, వేపచెట్టు పక్కన నిలబెట్టాడు. నాగవేణి కూడా వచ్చింది. హరికృష్ణను బలవంతాన లాక్కొచ్చింది. 'సమానంగా అమ్మకపోతే' అన్న పెద్దమనిషి కళ్లారా చూడాలంది.

"సెట్టీ, బెల్లం దించుతాండవా?" అని అరిచాడు తిరుపాలు. దళారులంతా నవ్వారు.

ఒక గంట గడిచింది. కాటా దగ్గర జ్ఞానయ్య, ప్రసన్న, పది పొట్టేళ్లు. అంతే. చీమ కూడా రాలేదు. దస్తగిరి లారీ వచ్చి ఆగింది.

మొదటి పొట్టేలు బోనులోకి ఎక్కింది. ఎర్రటి అంకెలు వణికి వణికి నిలిచాయి. ముప్పై మూడు కిలోల నాలుగువందల గ్రాములు. దస్తగిరి జేబులోకి చెయ్యి పెట్టబోతుంటే తిరుపాలు వచ్చి లారీకి అడ్డంగా నిలబడ్డాడు. వెనక ఆరుగురు దళారులు.

"దస్తగిరీ, ఈడ పది జీవాలు కొంటావు. నీకు కావలసింది అరవై. ఈ బోను దగ్గర ఒక్కటి కొన్నా మా దగ్గర ఒక్కటి దొరకదు. చూసుకో."

దస్తగిరి చెయ్యి జేబులోనే ఆగిపోయింది. అతను శ్రీరాములు వైపు చూశాడు. అది కూడా లెక్కే. పది కోసం యాభై పోగొట్టుకునే వ్యాపారి ఉండడు. శ్రీరాములైనా పోగొట్టుకోడు. హరికృష్ణ గొంతు సవరించుకున్నాడు. ప్రసన్న పొట్టేలు మెడ మీద చెయ్యి వేసి కదలకుండా నిలబడింది. ఏడిళ్ల పేర్లు ఆ చెయ్యి కిందే ఉన్నట్టు పట్టుకుంది.

అప్పుడు అంకన్న తన ఆరింటినీ తోలుకుంటూ వచ్చాడు.

"నావి గూడా పెట్టండి."

"ఏంరా అంకన్నా, నీకు చెయ్యి లేదా?" అన్నాడు తిరుపాలు.

"ఉంది మామా. అది ఎంత పలుకుతాందో నిజంగా ఎంత పలకాల్నో చూసుకుంటా."

అతని మొదటి పొట్టేలు ముప్పై రెండు కిలోలు తూగింది. కిలో నాలుగువందల లెక్కన పన్నెండువేల ఎనిమిదివందలు. పోయిన వారం చేతికి వచ్చింది పన్నెండు. అంకన్న తిరుపాలు మొహం చూసి పళ్లు బయటపెట్టాడు.

"ఎనిమిదివందలు ఏ వేలుకు పోయినాయి మామా?"

జనం మూగారు. తమాషా చూడటానికి వచ్చిన ముసలి కాపరి ఒకడు, హనుమంతునిపాడు నుంచి వచ్చాడట, తిరుపాలుకు అప్పుడే అమ్మిన పొట్టేలును తాడుతో సహా లాక్కొచ్చి, "ఊరికే, సరదాకు, దీన్ని గూడా ఒకపాలి ఎక్కించు నాయనా" అన్నాడు. ఎక్కించారు. ముప్పై ఒక్క కిలోలు.

"ఎంతకిచ్చినావు తాతా?" అంది నాగవేణి.

ముసలాయన గుడ్డ కింది రహస్యం చెప్పకూడదన్న సంగతి మరిచిపోయాడు. "పదకొండువేల రెండువందలు! ఇరవై ఎనిమిది కిలోలని నొక్కి చెప్పినాడు గదరా వీడు! ముప్పై ఒకటి ఎట్ల అయింది? నడుస్తా నడుస్తా మేసిందా?"

సంత మొత్తం గొల్లుమంది. ఆ నవ్వుతోనే వరస మొదలైంది. కాపరులు అమ్మినవీ అమ్మనివీ తోలుకొచ్చారు. తూకం ఎంతో తెలుసుకుందామని కొందరు, దస్తగిరికి అమ్ముదామని ఎక్కువమంది. చెయ్యి పట్టనివాడికి మూడు వేలు పోయింది, చెయ్యి పట్టినవాడికీ ఎనిమిదివందలో వెయ్యో పోతూనే ఉంది. అందరికంటే ఎక్కువ మునిగినవాడి కోసం తెచ్చిన కాటా ముందు ఇప్పుడు అందరూ నిలబడ్డారు. దస్తగిరి వరస పొడుగు చూశాడు. అరవై కాదు, వంద దాటేట్టుంది. జేబులోంచి చెయ్యి కట్టతో సహా బయటికి వచ్చింది.

"ముందు ఈ అన్నవి" అన్నాడు జ్ఞానయ్యను చూపించి. "వరసలో మొదటోడు ఆయనే."

పది పొట్టేళ్లూ తూగాయి. మూడువందల ముప్పై ఎనిమిది కిలోలు. లక్షా ముప్పై ఐదువేల రెండువందలు. హరికృష్ణ ఫోనులో రెండుసార్లు గుణించి చూసుకున్నాడు. అంకన్న కంటే ఎక్కువ.

తిరుపాలు తెలివితక్కువవాడు కాదు. గాలి ఎటు తిరిగిందో చూసి, భుజం మీది తువ్వాలు తీసి, నవ్వుతూ జ్ఞానయ్య దగ్గరకు వచ్చాడు. దస్తగిరి లెక్కపెట్టి ఇంకా ఇవ్వలేదు, ఆ పది జీవాల మీద ఇంకో బేరం పడే సందు ఉంది. "రా గేనయ్యా, నాలుగువందల పది లెక్కన ఇస్తా. చెయ్యి పట్టు" అన్నాడు. గుడ్డ పరిచిన చెయ్యి ముందుకు చాచాడు. ఆ సంతలో ఆ చెయ్యి జ్ఞానయ్య వైపు రావడం అదే మొదటిసారి.

జ్ఞానయ్య ఆ చేతిని చూశాడు. తొందరపడకుండా చూశాడు.

"నా చెయ్యి ఖాళీ లేదన్నా. పొట్టేలును పట్టుకోనుంది" అన్నాడు. "నీకు కావాల్నంటే కిలో ధర పైకి చెప్పు. దస్తగిరి భాయ్ గూడా వింటాడు."

తిరుపాలు చెప్పక తప్పలేదు. దస్తగిరి నాలుగువందల పదిహేను అన్నాడు. తిరుపాలు గుటక మింగి ఇరవై అన్నాడు. దస్తగిరి ఇరవై రెండు అని, "ఇంక ఎక్కితే నా లారీ అమ్ముకోవాల" అని చేతులెత్తాడు. తిరుపాలు తువ్వాలుతో మొహం తుడుచుకుని పక్కకు జరిగాడు. జ్ఞానయ్య పొట్టేళ్లు లక్షా నలభై రెండువేల ఆరువందల చిల్లరకు పోయాయి. రాళ్లవాగు సంతలో ఆ పొద్దు అంతకంటే మంచి ధర ఎవరికీ రాలేదు.

శ్రీరాములు అందరి ముందూ జ్ఞానయ్య దగ్గరకు పోయి నిలబడ్డాడు. బేరాల్లో తప్ప తల వంచడం అలవాటు లేని మనిషి. "నా కొట్లో నిన్నొక మాట అన్నా. లెక్క తప్పు నాది. నువ్వు పెట్టిన మేతలో తప్పు లేదు."

జ్ఞానయ్య తల ఊపాడు. ప్రసన్న మాత్రం ఊరుకోలేదు. "ఆ మాట గూడా కొట్లోనే చెప్పాల సెట్టీ. హమాలీలు నవ్వినారు ఆ పొద్దు."

"సోమవారం రండి. హమాలీల ముందే చెప్తా."

హరికృష్ణ సంచిలోంచి జాబితా తీశాడు. జ్ఞానయ్య పేరు ఎక్కడుందో అక్కడే ఉంది. ఏడిళ్లూ కింద ఉన్నాయి. "అయితే ఇంతకీ మనం కులం చూడాల్నా, కార్డు చూడాల్నా? సంఘంలో ఏమని రాయాల?" అన్నాడు.

నాగవేణి శ్రీరాములు వైపు చూసింది, గెలిచినట్టు కాదు, వినడానికి.

"కార్డు చూసి ఇయ్యి" అన్నాడు శ్రీరాములు. "అంకన్నకు కార్డు చూసే ఇచ్చినాం, తప్పు లేదు. కానీ ఇచ్చినాక వెనకమాలే నడువు. ఎవరి చెయ్యి ఎక్కడ పట్టరో చూడు. ఆడ కులం చూడకుండా కళ్లు మూసుకుంటే, మనం ఇచ్చిన డబ్బు పొట్టేలుకు మూడు వేల లెక్కన తిరుపాలుకు ఇచ్చినట్టే. అందుకని పాలెం ముందు. కాటా గూడా ప్రతి శుక్రవారం ఈడే ఉంటది, బాడుగ ధర్మనిధిలోంచి."

"ముందు అని నేను పోయిన ఏడే చెప్పినా బాబాయ్."

"నువ్వు చెప్పినావు. నేను కొనడానికి ఏడాది పట్టింది. సరుకు మంచిదైనా బేరమాడకుండా కొనే అలవాటు లేదు తల్లీ."

ప్రసన్న అప్పటికే అక్కడ లేదు. సంత ఆ చివర పొట్టేలు పిల్లల మంద దగ్గర ఉంది. ఒక్కోదాని నోరు తెరిచి చూస్తూ, నడిపించి చూస్తూ, కాపరితో గట్టిగా, అందరికీ వినపడేట్టు బేరమాడుతోంది. జ్ఞానయ్య పక్కన నిలబడి డబ్బు పట్టుకున్నాడు. ధర కుదిరింది. పదిహేను పిల్లలు, సొంత డబ్బుతో. శ్రీరాములు దగ్గరకు వస్తే ఆమె వెనక్కి తిరగకుండానే చెప్పింది.

"మా పేరు కొట్టెయ్యి సెట్టీ."

"ఏంది?" అన్నాడు శ్రీరాములు.

"మాకు సంఘం డబ్బుతో పని లేదిప్పుడు. అసలు సోమవారం కట్టేస్తాం. మా వాటా ఆ ఏడిళ్లలో ముందున్న మార్తమ్మకు ఇయ్యి. దాణా మాత్రం నీ దగ్గరే కొంటాం. బస్తాకు ఇరవై తగ్గించాల."

"పది" అన్నాడు శ్రీరాములు, తనకు తెలియకుండానే.

"పదిహేను. మాట మాటే."

శ్రీరాములు చెయ్యి చాచాడు. ఆమె కాదు, జ్ఞానయ్య వచ్చి పట్టుకున్నాడు, ఎండలో, ఏ గుడ్డా లేకుండా, గట్టిగా. అంకన్న పిల్లల్ని ఒక్కొక్కటే ఎత్తి ట్రాలీ ఆటోలోకి అందించాడు. కాటా, బోను పోను మిగిలిన జాగాలో పద్నాలుగే పట్టాయి. పదిహేనోదాన్ని ప్రసన్న ఒళ్లో పెట్టుకుని డ్రైవరు పక్కన ఎక్కి కూర్చుంది. బేస్తవారిపేట రోడ్డు ఎక్కేదాకా అది ఆమె చీర కొంగు నములుతూనే ఉంది, ఆమె నవ్వుతూనే ఉంది.